రెండో గీత

ఆ బుధవారం ఆ ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు ఐదుగురు. ఇంటి యజమాని టైలరు. అతని భార్య. భూకంపానికి ఇల్లు ఎంత దెబ్బతిందో చూడడానికి వచ్చిన ఓవర్సీరు. ఆయనకి తోడుగా గుమ్మంలో నిలబడ్డ ఇంజనీరు. ఎదురుగా టార్పాలిన్ కింద మంచం మీద టైలరు తల్లి. కళ్ళు సరిగా కనపడవు కాబట్టి ఆవిడని ఎవరూ లెక్కలో వేయలేదు.

లోపలికి నడిచి వెళ్ళినవాళ్ళు ముగ్గురు. బయటికి నడిచి వచ్చినవాళ్ళు ఇద్దరు. ఓవర్సీరుని మర్నాడు మధ్యాహ్నం మోసుకొచ్చారు.

విచారణకి వచ్చిన ఆమె పుస్తకంలో ఇంతవరకు రాసి కింద గీత కొట్టింది. ఎదుటివాళ్ళ కళ్ళల్లోకి చూసి ప్రశ్న అడగడం ఆమెకి చిన్నప్పటినుంచీ చేతకాదు. పుస్తకంలోకి చూస్తూ అడుగుతుంది. చెప్పేవాళ్ళు కూడా కాసేపటికి ఆ పుస్తకానికే చెప్పడం మొదలుపెడతారు. ఆఫీసులో ఆమెని అందరూ పుస్తకం మేడమ్ అంటారు. వెనకాల అంటున్నామనుకుంటారు గానీ ఆమెకి వినపడుతూనే ఉంటుంది.

ఈరోజు శుక్రవారం. సాయంత్రం నాలుగింటికి ఆ ఇల్లు కూల్చేస్తారు. ఇంజనీరు రాసిన రిపోర్టు ఆమె సంచిలో ఉంది. ఓవర్సీరు పది నలభై రెండుకి లోపలికి వెళ్ళాడు, పది యాభైకి పని ముగించుకుని బయటికొచ్చాడు, తర్వాత ఎవరికీ చెప్పకుండా తనంతట తను మళ్ళీ లోపలికి వెళ్ళాడు, పదకొండు పన్నెండుకి భూమి మళ్ళీ కదిలినప్పుడు లోపలి గోడ పడింది, తప్పు అతనిదే. అడుగున సంతకం. ఇల్లు కూలిపోతే ఇక ఆ కాగితమే మిగులుతుంది.

పొద్దున ఓవర్సీరు భార్య ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఏడవలేదు. ఒక్కటే అడిగింది.

"తాళం వేశాక మూడుసార్లు లాగి చూసే మనిషి ఆయన. బయటికొచ్చి మళ్ళీ ఎందుకెళ్ళాడో చెప్పండి, చాలు. వీధిలో వాళ్ళు ఏదో ఎత్తుకురావడానికి వెళ్ళాడంటున్నారు. మా పిల్ల గుడారంలోంచి బయటికి రానంటోంది."

 ఆమె ఆ ప్రశ్నని పుస్తకంలో మొదటి పేజీలో రాసుకుంది.

ఇళ్ళు పరీక్షించేవాళ్ళకి ఒక పద్ధతి ఉంది. ఇద్దరిద్దరుగా వెళతారు. లోపలికి వెళ్ళే మనిషి గుమ్మం పక్క గోడ మీద సుద్దతో ఎడమ పైనుంచి కుడి కిందికి ఒక ఏటవాలు గీత గీస్తాడు. గీసి, ఆ సుద్దముక్క గుమ్మంలో నిలబడే మనిషి చేతికిస్తాడు. లోపలి మనిషి బయటికొచ్చాక గుమ్మంలో మనిషి దానికి అడ్డంగా రెండో గీత గీసి పైన టైము వేస్తాడు. ఒక్క గీత ఉంటే లోపల మనిషి ఉన్నట్టు. ఇంటూ గుర్తు ఉంటే ఎవరూ లేనట్టు. మొదటి గీత తనది, రెండో గీత ఎప్పుడూ పక్కవాడిది. లోపల మనిషి ఉండగా తలుపు మూసుకోకూడదు. అందుకని తలుపుకి ఒక ఇటుక అడ్డం పెడతారు.

ఈ పద్ధతి అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు ఓవర్సీరే. దారానికి కట్టిన ఇత్తడి గుండు ఎప్పుడూ జేబులో వేసుకుని, కనపడిన ప్రతి గోడకీ వేలాడదీసి నిలువు చూసేవాడు. ఒత్తుగా జుట్టున్నా ఆయన్ని గుండు ఓవర్సీరనే పిలిచేవారు.

రెండుంబావుకి ఆమె టార్పాలిన్ కింద టైలరు ఎదురుగా కూర్చుంది.

టైలరు గబగబా మాట్లాడే మనిషి. మంగళవారం సాయంత్రం ఓవర్సీరు గుమ్మంలోంచే గోడకి ఏదో గాజుపట్టీ అతికించి వెళ్ళాడని, బుధవారం పది నలభైకి తాళం తీశానని, భార్య అత్తగారి మందులు తెచ్చుకుందని, ఏడెనిమిది నిమిషాల్లో ఇద్దరూ బయటికొచ్చి నీళ్ళ లైన్లో నిలబడడానికి వెళ్ళిపోయామని చెప్పాడు. లోపల ఓవర్సీరు ఏం అడిగాడని ఆమె పుస్తకాన్ని అడిగింది.  నేల మీద ఒకచోట వేలితో చూపించి ఇక్కడ స్తంభం ఉండాలే, ఏమైంది అని అడిగాడట. మూడేళ్ళ క్రితం ముందుగదిలో మిషన్లు పట్టడంలేదని స్తంభం తీయించేశామని టైలరు చెప్పాడట.

"ఊరికే తీయలేదు మేడమ్. అనుమతి కాగితం ఉంది, సీలుతో సహా. అదే ఆయన చేతికిచ్చా. నాలుగు మడతలు పెట్టి పై జేబులో పెట్టుకున్నాడు."

"సంతకం ఎవరిది?"

"కోడి గీకినట్టుంది. ఎవరిదో ఎవరు చదవగలరు? సీలుందా లేదా అని చూశాం."

ఈ వరసలో ఇంకెన్ని ఇళ్ళల్లో ఇలా తీశారని కూడా ఓవర్సీరు అడిగాడట. ఏడిళ్ళని టైలరు చెప్పాడట. అదే సంతకమా అని అడిగితే, అదే కోడి అన్నాడట. ఓవర్సీరు నవ్వలేదని టైలరు ఇప్పుడు గుర్తుచేసుకున్నాడు. ఆ ఏడిళ్ళలోకీ జనం నిన్నే తిరిగి వెళ్ళారు, ఇబ్బంది లేదని ఇంజనీరు చెప్పాడు కాబట్టి.

ఆమె వెనక్కి పేజీలు తిప్పింది. శవం జేబుల్లో దొరికినవాటి జాబితా: ఇత్తడి గుండు, దారం, కళ్ళజోడు, చేతిరుమాలు. కాగితం లేదు. పెన్సిలు కూడా లేదు. దాని కింద డాక్టరు మాట. తొడ మీద గోడ పడింది, తలకీ ఛాతీకీ దెబ్బలేదు, రక్తం మెల్లగా పోయింది. దాని కింద సహాయ దళం వాళ్ళ పుస్తకంలోంచి ఎక్కించుకున్నది: బుధవారం పన్నెండున్నర, ఈ గుమ్మం ముందునుంచి వెళ్ళాం, ఇంటూ గుర్తు ఉంది, లోపలికి వెళ్ళలేదు.

ముసలావిడ మంచం మీదనుంచి అడిగింది.

"మిషన్ తొక్కినాయన ఎవరో తెలిసిందా అమ్మాయ్?"

టైలరు విసుక్కున్నాడు. అమ్మ చెవుల్లో నలభై ఏళ్ళుగా మిషన్ తిరుగుతూనే ఉంది మేడమ్, పట్టించుకోకండి అన్నాడు. ఆమె కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుంది. బుధవారం మిషన్ వినపడిందా అని అడిగింది.

"వినపడకేం. కళ్ళు పోయాయి గానీ చెవులు పోలేదుగా. నేల దడదడలాడింది. ఆ తర్వాత కాసేపటికి మొదలైంది. వీడి తొక్కుడు కాదు, వీడు తొక్కితే ఎవరో తరుముతున్నట్టుంటుంది. ఇది ఆగి ఆగి, చేత్తో చక్రం తిప్పినట్టు. రెండోసారి నీళ్ళ బండి వచ్చిందాకా ఉంది."

రెండో నీళ్ళ బండి వచ్చేది ఐదింటికి. ఆమె ఆ టైము రాసుకుంది.

"ఈ మాట అప్పుడే ఎవరికైనా చెప్పారా?"

జవాబు కోడలు చెప్పింది, మొగుడి వైపు చూడకుండా. "అత్తయ్య చెప్పింది. లోపల ఎవరో ఉన్నారేమో చూడమని నేనూ అన్నాను. ఈయన ఇద్దర్నీ కలిపి తిట్టాడు."

 గోడ మీద ఇంటూ గుర్తు ఉంది కదండీ అన్నాడు టైలరు, నేలవైపు చూస్తూ. మళ్ళీ అదే మాట ఇంకోసారి అన్నాడు, ఈసారి ఎవరితోనూ కాదు.

ఓవర్సీరు దొరికింది గోడ పక్క మిషన్ దగ్గర. సోమవారం ఉదయం మొదటిసారి భూమి కదిలినప్పుడు టైలరు ఆ మిషన్ మీదే ఒక చొక్కా చెయ్యి కుడుతున్నాడు. నాలుగు వేళ్ళ మేర కుట్టి, బట్ట సూది కిందే వదిలేసి పరిగెత్తాడు. ఇంకా అక్కడే ఉండాలి అన్నాడు.

మూడింటికి ఆమె వీధి దాటి గుమ్మం ముందుకి వెళ్ళింది. ఇంజనీరు అప్పటికే వచ్చి ఉన్నాడు. నాలుగు రోజులుగా ఊరంతా దుమ్ములో ఉన్నా అతని తెల్లచొక్కాకి ఒక్క మరక లేదు.

"పుస్తకం మేడమ్ గారు," అన్నాడు. "మనుషులైపోయారు, ఇక గోడల్ని అడుగుతారా?"

"గోడలు అడిగినదానికే చెబుతాయండి. పని తొందరగా అవుతుంది."

"తొందరగానే కానివ్వండి. నాలుగింటికి పొక్లెయిన్ వస్తుంది. మూడున్నరకి వీధంతా ఖాళీ చేయించమన్నాను. చనిపోయినవాడి తప్పుని పొడుగ్గా రాసినంత మాత్రాన ఒప్పైపోదు."

ఆమె టైములు మళ్ళీ అడిగింది. అతను కంఠతా వచ్చిన పాఠంలా అప్పజెప్పాడు. పది నలభై రెండు, పది యాభై. రెండో గీత తనే గీశాడు, టైము తనే వేశాడు. తర్వాత పక్కవీధిలోకి వెళ్ళిపోయాడు.

"ఇద్దరూ కలిసే కదండీ వెళ్ళాలి?"

"నువ్వు పద, వస్తానన్నాడు. నాకంటే పెద్దవాడు. చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళనా?"

"మళ్ళీ లోపలికి వెళితే ఇంకో గీత గీసేవాడు. ఆయన అలా వదిలే మనిషి కాదంటున్నారు."

"మీరు ఆయన్ని చూసింది శవంగానే. నేను ఆరేళ్ళు కలిసి పనిచేశాను. ఆ గుండు, ఆ దారం, ఆ నస. ప్రతి ఇంటికీ ఒక పూట. మేడమ్, పనిచేసేవాళ్ళకి మీలా రాసుకుంటూ కూర్చునే తీరిక ఉండదు."

  ఆమె పుస్తకం తెరిచి గోడ మీది గుర్తుని ఉన్నదున్నట్టు ఎక్కించుకోవడం మొదలుపెట్టింది. గోడని అడ్డంగా చీలుస్తూ మెట్లుమెట్లుగా ఒక పగులు ఆ ఇంటూ గుర్తు మధ్యలోంచి పోతోంది. ఎడమ పైనుంచి వచ్చే గీత పగులు దగ్గర తెగి, ఒక వేలి వెడల్పు కిందికి జారి, అక్కడినుంచి సాగింది. కుడి పైనుంచి వచ్చే గీత మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా ఉంది. పగులు మీద అర అంగుళం మేర సుద్ద అంటలేదు, అంతే. తెగిన గీత దగ్గర చెయ్యి ఎగిరి ఉంటుందిలే అనుకుని అలాగే దించుకుంది. పైన టైము: 10.50.

గుమ్మంలో మనిషి ఉండాలి కదా, నేనుంటాను అన్నాడు ఇంజనీరు. పద్ధతి అదే. ఆమె పాత గుర్తు పక్కన, అదే పగులు మీదుగా, తన గీత గీసింది. సుద్దముక్క అతని చేతిలో పెట్టింది. అతను తలుపు తోసి ఇటుకని కాలితో అడ్డం జరిపాడు.

"పది నిమిషాలు," అన్నాడు.

ముందుగదిలో సున్నం, ఇటుకపొడి. వెనక గుమ్మం కూలిన గోడ కింద ఉంది. కిటికీలకి ఇనుప ఊచలు. ఆమె మొదట నేల చూసింది. టైలరు చెప్పినచోట గచ్చులో రెండు జానల చదరం వేరే రంగులో ఉంది. పైకప్పులో సరిగ్గా దానికి పైన ఒక పగులు. దాని అంచులకి రంగు ఉంది, లోపల సాలెగూడు ఉంది. సోమవారం పగిలింది కాదది. ఎప్పుడో పగిలితే లప్పం పూసి రంగు వేశారు, మళ్ళీ పగిలింది. స్తంభం మోసిన బరువంతా మూడేళ్ళుగా లోపలి గోడ మోస్తోంది. ఆ గోడే ఓవర్సీరు మీద పడింది.

తర్వాత గుమ్మం పక్క గోడని లోపలివైపునుంచి చూసింది. బయట చూసిన పగులే ఇటువైపూ ఉంది. దానికి అడ్డంగా, రెండు చివర్లా సున్నంతో అతికించిన గాజుపట్టీ. పగులు కదులుతోందో లేదో తెలుసుకోవడానికి పెడతారు. గోడ కదిలితే గాజు పగులుతుంది. ఈ గాజు పగిలింది. పగిలి, ఒక ముక్క రెండోదానికంటే ఒక వేలి వెడల్పు కిందికి దిగింది.

దాని పక్కన గోడ మీద పెన్సిలుతో, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: మంగళవారం 4.10, పట్టీ పెట్టాను. బుధవారం 10.44, పట్టీ బాగుంది.

ఒక వేలి వెడల్పు. ఆమె పుస్తకం తెరిచి తను దించుకున్న గుర్తు వైపు చూసింది. చెయ్యి ఎగరలేదు. గోడ దిగింది. పది నలభై నాలుగుకి గాజు బాగానే ఉంది. భూమి కదిలింది పదకొండు పన్నెండుకి. మొదటి గీత గోడతోబాటు తెగింది, అది అంతకుముందు గీసింది కాబట్టి. రెండో గీత తెగలేదు. గోడ దిగిపోయిన తర్వాత గీసిందది.

ఓవర్సీరు మళ్ళీ లోపలికి వెళ్ళలేదు. అసలు బయటికే రాలేదు. గోడ పడింది, లోపల మనిషి ఉన్నాడు, గుమ్మంలో మనిషి చేతిలో సుద్ద ఉంది. అతను రెండో గీత గీసి, ఇరవై రెండు నిమిషాల వెనకటి టైము వేసి వెళ్ళిపోయాడు. పన్నెండున్నరకి సహాయ దళం వచ్చి, ఇంటూ గుర్తు చూసి ముందుకి పోయింది.

ఆమె మిషన్ దగ్గరికి వెళ్ళింది. పక్కనే నేల మీద ఇటుకలు తీసిన ఖాళీ, అందులో ఎండిన నల్లటి మరక. ఆ మరక దగ్గర పడుకున్న మనిషి చెయ్యి చాపితే మిషన్ కింది చక్రం, సూది దగ్గరనుంచి వేలాడే బట్ట కొస అందుతాయి, అంతకంటే పైకి అందదు. చక్రం అంచు మీద దుమ్ములో వేళ్ళ గుర్తులు ఒకదానిమీద ఒకటి, లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి. ఓవర్సీరు పెన్సిలు చక్రం కింద పడి ఉంది.

సూది కింద చొక్కా చెయ్యి ఉంది. మొదటి నాలుగు వేళ్ళ కుట్టు తిన్నగా, ఒకే వరసలో ఉంది. టైలరు చేతిది. అక్కడినుంచి కుట్టు వంకర్లు పోయింది. ఒకచోట కుట్టు మీద కుట్టు, ఒకచోట ఎడం ఎడంగా, బట్ట అంచుదాకా సాగి, దారం అయిపోయి ఆగింది. ఆ వంకర కుట్టు కింద బట్ట బిరుసుగా ఉంది. వేలితో నొక్కితే గరగరలాడింది.

రెండు బట్టల మధ్య కాగితం పెట్టి కుట్టాడు. తన దగ్గర కాగితం కోసం వెతికేవాళ్ళు జేబులు వెతుకుతారని, కుట్టిన చొక్కా చెయ్యి ఎవరూ విప్పరని ఆ మనిషి అనుకుని ఉంటాడు. నేల మీద పడి ఉండి, ఎవరైనా వింటారని ఒక ఆశ, వినకపోయినా ఇది మిగులుతుందని ఇంకో ఆశ. ఐదింటిదాకా.

ఆమె గోళ్ళతో కుట్లు తెంపింది. నాలుగు మడతల కాగితం. ముందుగదిలో స్తంభం తొలగించడానికి అభ్యంతరం లేదు. సీలు. సీలు మీద కోడి గీకినట్టున్న సంతకం. ఆ సంతకాన్ని ఆమె పొద్దున్నే చూసింది. ఆమె సంచిలో ఉన్న రిపోర్టు అడుగున ఉంది అది.

బయట వీధిలో ఖాళీ చేయమంటున్న మైకు ఆగిపోయింది. అందర్నీ పంపించేశారు. ముసలావిడ మంచం మోసుకుపోతున్నవాళ్ళ మాటలు దూరమయ్యాయి. సోమవారంనుంచి ఫోన్లు పనిచేయడంలేదు. ఆమె కాగితాన్ని పుస్తకంలో పెట్టి మూసింది.

"దొరికిందా మేడమ్?"

ఇంజనీరు గుమ్మం దాటలేదు. అతని వెనక ఎండ ఉంది, మొహం కనపడలేదు. గొంతు మాత్రం మామూలుగా ఉంది, పోగొట్టుకున్న పెన్ను గురించి అడిగినట్టు.

ఆమె తలెత్తింది. అతని కళ్ళు ఉండాల్సినచోటికి సూటిగా చూసింది.

"ఏమీ లేదండీ. వచ్చేస్తున్నాను."

ఇంతవరకు ఆమె ఏ మనిషితోనూ పుస్తకంలోకి చూడకుండా మాట్లాడలేదు. అతనికీ ఆ సంగతి తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు.

 "ఆయన కూడా ఇదే మాటన్నాడు," అన్నాడు మెల్లగా. "వచ్చేస్తున్నానని."

వీధి చివర పొక్లెయిన్ ఇంజను అందుకుంది. ఆమె పరిగెత్తింది. గది పెద్దది, మిషన్ల కోసం పెద్దది చేసిన గది. ఆమె సగం దూరం వచ్చేసరికి ఇటుక గచ్చు మీద గీసుకుంటూ పక్కకి పోయింది. తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది.

ఆమె తలుపుకి రెండు చేతులూ ఆనించి పేరు పెట్టి అరిచింది.  ఆ తర్వాత పక్క గోడకి అవతల, ఆమె భుజం ఎత్తులో, సుద్ద మొదలైంది. కుడి పైనుంచి ఎడమ కిందికి, తొందర లేకుండా, పగులు దగ్గర ఒక్కసారి ఎగిరి మళ్ళీ గోడకి తగులుతూ. గీత పూర్తయ్యాక కొంచెం పైన చిన్న చిన్న చప్పుళ్ళు వినపడ్డాయి. టైము వేస్తున్నాడు.